పిసినారి అక్క పెన్సిల్

ఆఫీసంతా ఆమెను పిసినారి అక్క అంటారు. సర్వర్ల గది తలుపు పక్క సీటు, ఏసీ చలికి మండువేసవిలోనూ శాలువా, చెవి వెనక పెన్సిల్. పెద్ద సర్వర్‌ను వాటాలు వేసి, ఒక్కో వాటాలో విడి కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్లలో దేనికి ఎన్ని సీపీయూలో రాసిచ్చేది ఆమే. ఎవరైనా పదహారు అడిగితే, లోపల కంటెయినర్లనే విడివిడి డబ్బాల్లో నడిచే ప్రోగ్రాములు నిజంగా ఎంత వాడుతున్నాయో వారం రోజులు చూసి, పదహారు కొట్టేసి నాలుగు రాస్తుంది.

ఆమె సెలవులో ఉండగా మేనేజరు అందరికీ పదహారేసి ఇచ్చేశాడు. తిరిగొచ్చేసరికి అంతా నత్తనడక. "ఇంకో ఎనిమిదేసి కలుపు తల్లీ, కస్టమర్లు ప్రాణం తీస్తున్నారు" అన్నాడు. "కలపను సార్, తగ్గిస్తా. క్యాంటీన్‌లో పదహారు కుర్చీలు ఒకేసారి ఖాళీ అయితేనే కూర్చుంటామని భీష్మించుకున్న గుంపు ఎప్పుడు తింటుంది? మీ మెషీన్లన్నీ పదహారు సీపీయూలు ఒకేసారి ఖాళీ కావాలని అలాగే నిలబడున్నాయి. నలుగురైతే ఏదో మూల సర్దుకుంటారు." "తగ్గిస్తే మొత్తం ఆగిపోతేనో?" "ఆగిపోతే ఈ సీటు మీరే ఉంచుకోండి. నా శాలువా నేను పట్టుకుపోతా."

పదిమంది వెనక నిలబడి గుడ్లప్పగించి చూస్తుంటే, ఒక్కో మెషీన్‌నే ఆపి, నాలుగు రాసి, మళ్లీ లేపింది. ఐదోది లేచేసరికి, మెషీన్లు ఎంతసేపు వరసలో ఆగుతున్నాయో చూపే ఎర్రగీత జారి నేలకంటింది. ఫోన్లు మోగడం మానేశాయి. మేనేజరు గొంతు సవరించుకుని, తన టీమ్‌కి సీపీయూలు అడిగే కాగితం ముందుకు తోశాడు. "మాకు మాత్రం ఎనిమిది ఉంచమ్మా." ఆమె పెన్సిల్ తీసి, ఎనిమిది కొట్టేసి రెండు రాసింది.