వంటామె చేతి చెమట

తెలకపల్లి దగ్గర ఒక ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పే రోజుల్లో, నాగర్‌కర్నూల్ సైన్స్ ఫెయిర్ కోసం నేనొక యంత్రం చేశాను. ఒక బ్యాటరీ, ఒక ముల్లు మీటరు, రెండు రేకు ముక్కలు. రేకుల మీద వేళ్లు పెట్టిన మనిషి కంగారు పడితే వేళ్లకు సన్నగా చెమట పడుతుంది, తడి చర్మంలో కరెంటు తేలిగ్గా పారుతుంది, ముల్లు కదులుతుంది. బహుమతి రాలేదు గానీ మా హెడ్‌మాస్టరు దానికి 'అబద్ధాల మిషన్' అని పేరు పెట్టారు.

అదే వారం బడి రేడియో కనబడకుండా పోయింది.

"మన దగ్గర మిషన్ ఉండంగ పోలీసులెందుకు?" అన్నారాయన.

ముల్లు కంగారును చూపిస్తుందే గానీ అబద్ధాన్ని కాదని నాకు తెలుసు. చెప్పలేదు. స్టాఫ్‌రూంలో అందరూ నన్ను 'సైంటిస్టు సారు' అంటున్నారు మరి.

డ్రిల్లు సారు వేళ్లు పెట్టారు. ముల్లు కదల్లేదు. అటెండరుకూ అంతే. తర్వాత మధ్యాహ్న భోజనం వండే ఆమె వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని, షాక్ కొడుతుందేమోనని జంకుతూ వేళ్లు ఆనించింది. ప్రశ్న అడగకముందే ముల్లు చివరిదాకా పోయింది.

"దొరికింది!" అన్నారు హెడ్‌మాస్టరు.

"ఏంది సార్ దొరికింది? మీరంత సుట్టు నిలబడి గిట్ల గుడ్లురిమి సూస్తే చెమట రాదా? జర మీరు గూడ ఏలు పెట్టుండ్రి."

అందరూ చూస్తుండటంతో ఆయన పెట్టక తప్పలేదు.

"నేనొండిన కూర రోజు మీ ఇంటికి టిఫిన్ డబ్బల పోతలేదా సార్?"

ముల్లు ఎగిరింది. "మిషన్ ఖరాబైంది" అంటూ ఆయన లేచారు. ఆమెను మాత్రం మర్నాటి నుంచి రావద్దన్నారు.

నాలుగు రోజులకు రిపేరు షాపతను రేడియో పట్టుకొచ్చాడు. "ఇచ్చి పోయిండ్రు, మల్ల రానే రాకపోతిరి సార్." హెడ్‌మాస్టరే ఇచ్చి మరిచిపోయారట.

సాయంత్రం నేను ఆమె ఇంటికి వెళ్లాను. వాకిట్లో పల్లికాయ వలుస్తోంది. రేడియో దొరికిందని చెప్పి మళ్లీ వంటకు రమ్మన్నాను. ముల్లు సంగతి నాకు ముందే తెలుసని ఒప్పుకున్నాను.

"తెలిసి గూడ సప్పుడు జెయ్యలేదా సార్?"

నా అరచేతులు తడిసిపోయాయి.

"బడికి వస్త. కానీ ప్రార్థన కాడ అందరి ముందు పెద్దసార్ తప్పైందని చెప్పాలె."

సోమవారం హెడ్‌మాస్టరు చెప్పారు, పెదవి దాటని గొంతుతో. వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని ఆమె నిలబడింది.

"ఇనబడలే సార్, జర గట్టిగ!"