నికెల్ తొట్టిలో కొబ్బరినీళ్లు

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, ఒక ఎండాకాలం చివర్లో, పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని చిన్న ప్లేటింగ్ యూనిట్‌లో కెమిస్టుగా చేరాను. అంతవరకు పెద్ద ఫ్యాక్టరీల ల్యాబుల్లో పనిచేసినదాన్ని కనుక, ఇది మెట్టు దిగడమేనని మావాళ్లు అన్నారు. అయితే ఇక్కడ పూత వేసే తొట్ల బాధ్యత పూర్తిగా నాది. యజమాని రాఘవరెడ్డిగారు భానూరులో తన వాటా పొలం అమ్మి ఆ యూనిట్ పెట్టారు. మాకొచ్చే పనిలో చాలా భాగం ఇత్తడి నల్లాలు చేసే ఒకే ఒక కంపెనీది. వాటికి క్రోమ్ పూత వేసి పంపాలి.

ఆ కంపెనీ కొనుగోళ్ల మేనేజరు మూర్తిగారు. గోదావరి జిల్లా మనిషి. మాట తీపి, బేరం చేదు. వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "ముంచి తీయడానికి ఇంత రేటేమిటండీ రెడ్డిగారూ?"

జవాబు చెప్పడం నా వంతు. క్రోమ్ తొట్టిలో నల్లా ఉండేది కొద్ది నిమిషాలే. కానీ ముందు దాన్ని బఫింగ్ చక్రం మీద అద్దంలా నునుపు చేయాలి. ఎందుకంటే క్రోమ్ గీతను కప్పిపుచ్చదు, మెరిపించి మరీ చూపిస్తుంది. తర్వాత జిడ్డు వదిలించాలి, ఆమ్లంలో ముంచాలి, అడుగడుక్కీ నీళ్లలో కడగాలి. ఆపైన నికెల్ పూత. జనం క్రోమ్ అని మురిసిపోయే మెరుపు చాలావరకు ఈ నికెల్‌దే, క్రోమ్ దానిమీద పల్చటి పొర. కడిగిన నీళ్లు విషం, కాలువలోకి వదలకూడదు. శుద్ధి చేయాలి, అడుగున మిగిలిన మడ్డిని డబ్బిచ్చి మరీ పంపించాలి. మూర్తిగారు అంతా శ్రద్ధగా విని, "నిజమేనండీ, ఎంతైనా ముంచి తీయడమేగా" అనేవారు.

ఆ ఏడు దీపావళి ముందు పెద్ద లాటు నల్లాలు ఇచ్చారు. గడువు తప్పితే పని బాలానగర్‌లోని వేరే యూనిట్‌కు మార్చేస్తానని కూడా చెప్పారు. అదే జరిగితే మా షెడ్డుకు తాళమే. ఆయన్ను మంచి చేసుకుందామని రెడ్డిగారు ఆయుధపూజకు ముఖ్య అతిథిగా పిలిచారు.

మోటార్లకు బొట్లు పెట్టారు, తొట్లకు బంతిపూల దండలు కట్టారు. దండల వరకు ఒప్పుకున్నాను. కొబ్బరికాయ మాత్రం గుమ్మం దగ్గరే కొట్టాలని లైన్ సూపర్‌వైజర్ నర్సింలుకు చెప్పి, అక్కడ రాయి కూడా వేయించాను. మూర్తిగారు ఆ రాయిని చూడనైనా లేదు. "అసలు లక్ష్మి ఉండేది ఇక్కడ కదండీ" అంటూ నికెల్ తొట్టి దగ్గరకు నడిచి, కళ్లు మూసుకుని, దాని ఇనుప అంచుమీద కాయ కొట్టారు. ఒక్క దెబ్బకే పగిలింది, శుభం. నీళ్లన్నీ తొట్టిలోకి, వెనకే ఒక చిప్ప. నేను నోరు తెరవబోతే రెడ్డిగారు పక్కనుంచి, "జెర ఊకోండి మేడం, పెద్దమనిషి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఉత్సాహంలో ఆయన పళ్లెంలోని కుంకుమ కూడా తొట్టిలోనే చల్లారు.

కారు గేటు దాటాక నర్సింలు నా దగ్గరకొచ్చాడు. "చిప్పనైతే తీసిన మేడం. ఇగ నీళ్లెట్ల తియ్యాలె?"

అలాంటివి పడితే నికెల్ పూత మసకబారి, పెళుసెక్కి లేచిపోతుందని రెడ్డిగారికి చెప్పాను. "ఒక్క కాయ నీళ్లకేమైతది మేడం, దేవుని పేరు మీద కొట్టిండు" అన్నారు. పండగ మర్నాడే లైన్ నడిపించారు. సాయంత్రానికి నల్లాలు మీగడ కట్టినట్టు మసగ్గా వచ్చాయి. గోటితో గీకితే పూత రేకులుగా ఊడింది. రెడ్డిగారు ఒక నల్లా చేతిలో పట్టుకుని గోడకానుకుని కూలబడ్డారు. "పొలం అమ్ముతుంటే మా అమ్మ వద్దన్నది మేడం" అన్నారు. నాకు కోపం పోయి జాలేసింది.

లైన్ ఆపాం. ఆకుపచ్చటి నికెల్ ద్రావణాన్ని ఖాళీ ట్యాంకులోకి తోడి, పెరాక్సైడ్ కలిపి వేడిచేసి, బొగ్గుపొడి వేసి కలియబెట్టి, వడపోసి మళ్లీ నింపాం. మా వృత్తిలో దీన్ని కార్బన్ ట్రీట్‌మెంట్ అంటారు. పాడైన నల్లాలకు పూత ఊడదీసి బఫింగ్ నుంచి మొదలుపెట్టాం. పండక్కి ఊళ్లకు పోయినవాళ్లను వెనక్కి పిలిపించాం. బఫింగ్ చేసే బిహారు కార్మికులు హిందీలో తిట్టారు, అందరికీ అర్థమైంది. గడువు రోజు సాయంత్రానికి లాటు సిద్ధం చేశాం.

మూర్తిగారు వచ్చి నల్లాలను వెలుతురుకు తిప్పి చూసి మెచ్చుకున్నారు. చివరి రోజుదాకా ఎందుకు లాగారని అడిగారు. రెడ్డిగారు నా వైపు చూశారు. కొబ్బరికాయ పేరెత్తితే దేవుణ్ణీ, పనిచ్చేవాణ్ణీ ఒకేసారి నొప్పించినట్టు. తొట్టిలో సేంద్రియ మలినం చేరిందని చెప్పాను.

"శుభ్రత ముఖ్యం మేడం" అన్నారాయన. "అయినా చూశారా, పూజ చేయబట్టి గట్టెక్కారు."

రెడ్డిగారు తొట్లన్నిటికీ మూతలు చేయించి, ఆ ఖర్చు వచ్చే ఏటి రేటులో కలిపారు. పెంపు దేనికని మూర్తిగారు అడిగితే, "దుమ్ము పడకుంట మూతలు పెట్టినం సార్" అన్నారు. ముంచి తీయడానికి మూతలెందుకని ఆయన చాలాసేపు బేరమాడారు. మరుసటి దసరాకు ఆయనే నికెల్ తొట్టి మూతమీద కొబ్బరికాయ కొట్టారు.

అక్కడ నేను నేర్చుకున్నది ఇదీ. క్రోమ్ పూత రేటులో వస్తువుకు అంటుకునే లోహం ఖర్చు కొంతే. మిగతాది తొట్టిలో ఏదీ పడకుండా చూసుకోవడానికి, పడ్డదాన్ని తీయడానికి, ఎవరు పడేశారో చెప్పకుండా ఉండటానికి. ఆ చివరిదాన్ని ఏ బిల్లులోనూ విడిగా రాయరు.