విక్టోరియా సరస్సులో నేను మునగని వైనం

ఇది మహాజలాల కథ. ఓడలు, తుఫానులు, సింహాలు తిరిగే అడవులు, ఆవలి గట్టు కనబడని నీళ్ళు, ఆ నీళ్ళ ముందు ఒక వీరుడు, వాడికి అడ్డంగా నిలిచిన ఒక మహాశక్తి, అన్నీ ఇందులో ఉన్నాయి. కాస్త దగ్గరగా చూస్తే తుఫాను రాలేదు, కనబడిన ఒక్క సింహమూ నిద్రపోతోంది, వీరుడికి తొమ్మిదేళ్ళు, మహాశక్తి మా మామ్మ. కాబట్టి ఇతిహాసం మాట వదిలేద్దాం. ఇది నన్ను నీళ్ళలో దిగనివ్వని సంగతి.

మొన్న రేకుపెట్టె అడుగున కలరా ఉండల వాసన కొడుతూ నీలంరంగు నిక్కరొకటి దొరికింది. ఈత కొట్టేటప్పుడు జారిపోకూడదని చోడవరం బజారులో దర్జీ నడుం పట్టీకి రెట్టింపు కుట్టు వేసి, ఆఫ్రికా నీళ్ళకి ఇది చాలునా అని తనలో తాను గొణుక్కుంటూ ఇచ్చిన నిక్కరు. ఈనాటికీ తడవలేదు. చిన్నతనం గుర్తొస్తే అందరికీ కళ్ళు చెమ్మగిల్లుతాయట. ముప్పై నిండకుండానే నాకు చెవులు వేడెక్కుతున్నాయి.

ఆ రోజుల్లో మా చోడవరం చుట్టూ చెరకే. చలి మొదలవగానే గానుగలు కిర్రుమనేవి, పెనాల మీద పాకం ఉడికే వాసన వీధుల్లోకి, దుప్పట్లలోకి, బడిలో ఎక్కాలు చదివే మా నోళ్ళలోకి కూడా వచ్చేది. వేడి బెల్లాన్ని తాటాకు మీద పెట్టించుకుని, వేళ్ళు కాలుతున్నా ఊదుకుంటూ నాకేవాళ్ళం. ఆ పాకాన్ని కంటితో చూసి దించే అదును చెప్పడంలో మా నాన్నకు పేరుండేది. ఆ పేరే ఆయన్ని విక్టోరియా సరస్సు ఒడ్డున ఒక పంచదార మిల్లులోకి లాక్కుపోయింది. ఒక దసరాకి సెలవు మీద వచ్చి, వేసవి దాకా ఉండి వద్దురుగాని రమ్మని అమ్మనీ, మామ్మనీ, నన్నూ బయలుదేరదీశాడు.

నాకు ఆ ప్రయాణం ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. మా గుంపు సెలవుల్లో దేవరాపల్లి వైపు శారదా నదికి ఈతకు పోయేది. మడుగు దాటినవాడు మగాడు, దాటలేనివాడు గట్టున కూర్చుని అందరి బట్టలూ కాయాలి. ఆ ఉద్యోగం నాకు పర్మనెంటు. గుంపుకి నాయకుడు అప్పలసూరి. వాడు నీళ్ళలో ఉన్నంతసేపూ గట్టున ఉన్నవాళ్ళని మనుషుల కింద జమకట్టేవాడు కాదు.

"అవతలి గట్టు నేని సెరువేటిరా? మీ నాన్నవి కోతలు," అన్నాడు వాడు.

"అందులో మునిగొస్తాను సూడు."

"మునిగొస్తే బట్టల కాపలా మానిపించేస్తాను. ఒట్టు."

అదీ పందెం. రాజ్యం కాదు, రాకుమారి కాదు. ఇతరుల చొక్కాల పక్కన కూర్చునే బతుకు నుంచి విడుదల.

బొంబాయిలో ఓడెక్కాం. మామ్మ వెంట ఆవకాయ జాడీ, బెల్లం కుండ, నువ్వుండలు, వాముతో చేసిన జంతికల డబ్బా, ఇవి కాక ఊరగాయ మిరపకాయల మూట. ఓడంతా నూనె వాసన, వాంతుల వాసన, మధ్యలో మా ఆవకాయ. మొంబాసాలో దిగి రైలెక్కితే కిటికీలోంచి ఎర్రదుమ్ము వచ్చి అందరి తలలకూ గోరింటాకు పెట్టింది. చారల గుర్రాలు మందలుగా పరిగెడుతుంటే అమ్మ నన్ను చూడమంది. మామ్మ మాత్రం జంతికల డబ్బా మూత ఊడిందేమోనని చూసుకుంది.

సరస్సు మొదటిసారి చూసినప్పుడు, ఒప్పుకోవాలి, ఆకాశం కిందికి జారి నీళ్ళలో ఎక్కడ కలిసిందో తెలియలేదు. ఒడ్డున మనిషెత్తు తుంగ, దాని కుచ్చుతలల మీద పసుపు పిట్టలు, దూరాన పొగలాగా లేచి తిరుగుతున్న నుసుము పురుగుల మేఘం, ఎండబెట్టిన చేపల వాసన. అక్కడి పిల్లలు దోనె అంచు మీంచి నీళ్ళలోకి దూకి, తల విదిలించి, మళ్ళీ ఎక్కి దూకుతున్నారు. నేను నిక్కరు సవరించుకుని పరిగెత్తాను.

"ఆగరా గుంటడా!" మామ్మ కేక. "ఈవేళేటి తిథి?"

"సప్తమో అష్టమో," అన్నాడు నాన్న.

"పర్వం కాని రోజున సముద్రాన్ని ముట్టుకుంటారా ఎక్కడైనా?"

మా వైపు అదొక నియమం. సముద్రాన్ని ఊరికే తాకకూడదు. మాఘ పున్నమికి బళ్ళు కట్టుకుని పూడిమడక వెళ్ళి, మునిగి, ఇసుకలో కూర్చుని పులిహోర తిని రావాలి. మిగతా రోజుల్లో దూరం నుంచి దణ్ణమే.

"ఇది సముద్రం కాదే అమ్మా. మంచినీళ్ళు. సరస్సు," అన్నాడు నాన్న.

"అవతలి గట్టు సూపించు, సెరువంటాను."

పాకంలో తీగ సాగక ముందే పసిగట్టే మా నాన్న, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. గట్టు దొరకలేదు. అమ్మ మామ్మ మాటకు అడ్డు చెప్పే మనిషి కాదు. వెయ్యి మైళ్ళకు పైగా నీళ్ళు దాటి వచ్చిన నేను ఆ సాయంత్రం మామ్మ చెప్పుల పక్కన కూర్చున్నాను. ఉద్యోగం ఖండాలు దాటి నాతోనే వచ్చింది.

ప్రతి ఆదివారం అదే తంతు. నాన్న తీసుకెళ్ళేవాడు, దోనె పిల్లలు నన్ను చేతులూపి పిలిచేవాళ్ళు, మామ్మ వేళ్ళ మీద తిథి లెక్క కట్టేది. తిథులు లేని ఆ పిల్లల మీద నాకు పుట్టిన ఈర్ష్య ఇప్పటికీ చల్లారలేదు.

చివరికి మాఘ పున్నమి వచ్చింది. మామ్మ పసుపు, కుంకుమ, కొబ్బరికాయ సర్దింది. అమ్మ పులిహోర కలిపింది. నేను తెల్లారకుండానే నిక్కరు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాను. ఒడ్డు చేరాక, పెద్దవాళ్ళు ముందు దిగాలంటూ మామ్మ చీలమండల లోతుకు వెళ్ళి, దణ్ణం పెట్టి, దోసెడు నీళ్ళు తీసి నోట్లో పోసుకుంది. మొహం మారిపోయింది.

"ఒరే, ఇందులో ఉప్పేదిరా?"

"మొదట్నుంచీ అదే కదే సెప్తన్నాను!" అన్నాడు నాన్న.

"అయితే ఇది సెరువు. సముద్రస్తానం సెరువులో సేస్తారేటి? పదండి."

"సెరువైతే పర్వంతో పని లేదు కదా! నేను దిగుతాను!" అని అరిచాను. వాదంలో లోపం లేదని ఇప్పటికీ నా అభిప్రాయం.

"సముద్రంలో మొసళ్ళుండవు. సెరువులో ఉంటాయి. దిగేవంటే కాళ్ళిరగ్గొడతాను."

నేను ఇసుకలో పడి దొర్లాను. నాన్న నవ్వాడు. మామ్మని ఎప్పుడో క్షమించాను గాని, ఆ నవ్వుని కాదు. అమ్మ నా చేతిలో కొబ్బరిముక్క పెట్టింది. అంత అవమానంలోనూ దాన్ని తినేశాననేది వేరే సంగతి.

చోడవరం తిరిగొచ్చాక అప్పలసూరి అడిగాడు. "మునిగేవేటి?"

"నేదు."

జరిగింది చెప్పాను. వాడు కడుపు పట్టుకుని కూలబడ్డాడు. "సముద్రవని ఒకపాలి, సెరువని ఒకపాలి! పోన్లే బాబూ, ఇలా బట్టల కాడ కూకో."

ఇప్పుడు మామ్మ లేదు. పూడిమడక వెళ్ళే ఎడ్లబళ్ళు పోయి లారీలొచ్చాయి. మనుషుల్ని ఆఫ్రికా తీసుకుపోయే ఓడలు ఆగిపోయాయి. శారద మడుగు ఇసుకతో పూడి మోకాళ్ళ లోతైంది, కనుక మా ఊళ్ళో ఇప్పుడు పుట్టిన ప్రతివాడూ మగాడే. నాన్న సర్వీసు ముగించుకొచ్చి వాకిట్లో పేపరు చదువుకుంటున్నాడు. నిన్న ఉండబట్టలేక నిలదీశాను. ఆ రోజు నవ్వే బదులు నన్నొక్క మునక వెయ్యనివ్వలేకపోయావా అని.

నాన్న పేపరు దించలేదు.

"ఇన్నాళ్ళూ దానికా నీ ఏడుపు? మిల్లు క్వార్టర్సులో కొళాయికి నీళ్ళెక్కణ్ణుంచి వచ్చేవనుకున్నావు? పంపు పెట్టి ఆ సరస్సులోంచే తోడేవారు. నువ్వూ, మీ మామ్మా రోజూ పొద్దున్నే నెత్తిన పోసుకున్నవి ఆ నీళ్ళే."

ఆ మహాజలాలు నా దాకా వచ్చిన గొట్టం నాలుగంగుళాలదట.