వాపసు విశాలాక్షమ్మగారి బొంత

విశాలాక్షమ్మగారు చేత్తో కుట్టి ఇచ్చిన వస్తువేదీ ఎవరింట్లోనూ నెల్లాళ్ళు నిలిచిన దాఖలా లేదు. ఇచ్చేదీ ఆవిడే, వచ్చి పట్టుకుపోయేదీ ఆవిడే. "అయ్యో, ఈ మూల కుట్టు పక్కకి పోయిందే! ఇలా ఇయ్యమ్మా, సరిచేసి పంపిస్తాను" అంటారు. అంతే. ఆ వస్తువు మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కేది ఎప్పుడో భగవంతుడికి కూడా తెలియదు. మలికిపురం నుంచి రాజోలు వెళ్ళే దారిలో, కాలవ పక్కనున్న ఆ ఊళ్ళో ఆవిడకి వాపసు విశాలాక్షమ్మగారని పేరు పడిపోయి ముప్ఫయ్యేళ్ళయింది. రాజోల్లో బస్సు దిగి ఆ పేరు చెబితే చాలు, ఆటోవాళ్ళు సరాసరి ఆవిడ గుమ్మంలో దింపుతారు.

అసలు పనితనం బొంతల్లో చూడాలి. మెత్తబడ్డ పాత నేతచీరలు నాలుగు పొరలుగా పరిచి, పైన రంగురంగుల ముక్కలు అతికి, చీమలబారులా కుట్టుకుంటూ పోతారు. మధ్యమధ్య చేతిసంచులు, దిండు గలీబులు, గుమ్మం తెరలు. ఎవరింట్లో ఏ శుభం జరిగినా ఆవిడ చేతికుట్టు వెళ్ళాల్సిందే, వెళ్ళింది తిరిగి రావాల్సిందే.

పాపారావుగారు కొత్త ఇంట్లో దిగినప్పుడు వంటింటి గుమ్మానికి తెర ఇచ్చారు. పన్నెండో రోజున వియ్యంకుడుగారు భోజనానికి కూర్చుని ఉండగా వచ్చి, స్టూలెక్కి, ఆ తెర విప్పి మడతపెట్టి చంకలో పెట్టుకున్నారు. వంటింట్లో మాడిపోయిన పులుసు గిన్నె దాచుకుంటున్న పాపారావుగారి భార్య, వియ్యంకుడుగారు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఉండిపోయారు.

త్రిమూర్తులు కొడుక్కి ఉయ్యాల్లోకి బుల్లి బొంత ఇచ్చారు. నిద్రపోతున్న పిల్లాడు కదలకుండా, కనురెప్పైనా ఎత్తకుండా, వాడి కిందనుంచి దాన్ని లాగేసిన నేర్పు ఆవిడది. కృపానందం మాస్టారు రిటైరైన రోజున ఆయన పేరు కుట్టిన చేతిసంచీ ఇచ్చారు. వారం తిరక్కుండా నడిరోడ్డు మీద ఆయన్ని ఆపేశారు.

"మాస్టారూ, సంచీ పట్టీ వంకరగా ఉంది. ఇలా ఇవ్వండి."

"ఇందులో వంకాయలున్నాయండీ!"

"పరవాలేదు, వంకాయలు వెనకాల పంపిస్తాను."

ఇంక సొంత మొగుడు శరభయ్యగారి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన వేదం చదువుకున్న మనిషి, శివాలయం అర్చకులు. సంధ్యావందనం మధ్యలో, మాట్లాడ్డానికి వీల్లేని సమయం చూసి, ఆయన కింద పరిచిన ఆసనం లాగేసేవారు. పాపం ఆయన రెండు చేతులూ పైకెత్తి, ఎదురుగా ఉన్న దేవుడితోనే మొర పెట్టుకునేవారు.

ఊరంతా ఈ కథలు చెప్పుకుని నవ్వేది. వీరవేణికి మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆవిడ ఇంట్లో నవ్వు ఆగిపోయి పదకొండు నెలలైంది.

భర్త ఎప్పుడో పోయాడు. ఉన్న ఒక్క కొడుకు కిషోర్ పోయిన శ్రావణంలో పోయాడు. కోడలు దుర్గాశ్రీ డీఎస్సీ రాసి టీచరవుతానంటే, కోచింగు నోట్సు జిరాక్సు తీయించుకొస్తానని జోరువానలో అమలాపురం వెళ్ళాడు. తిరిగి వస్తుంటే లారీ గుద్దేసింది. మనిషి రాలేదు, కాగితాల సంచీ మాత్రం వచ్చింది. "నా కొడుకుని ఈ కాగితాలే మింగేశాయి" అంటూ వీరవేణి ఆ సంచీని పెరట్లోకి విసిరేసింది. ఆ కబురు ఫోన్లో వచ్చిందని కోడలి ఫోనూ బీరువాలో పెట్టి తాళం వేసింది. సంవత్సరీకం అయ్యేదాకా దుర్గాశ్రీ గడప దాటకూడదంది. చదువు మాట ఎత్తకూడదంది.

కోడలి మీద కోపమా అంటే కాదు. భయం. చదివితే ఉద్యోగం వస్తుంది, ఉద్యోగం వస్తే పిల్ల వెళ్ళిపోతుంది. కిషోర్ తాలూకు మనిషి ఆ ఇంట్లో ఇంకెవరున్నారు? కళ్ళెదుట ఉంటే చాలు, తిండి పెట్టుకుంటాను, గుడ్డ పెట్టుకుంటాను అనుకునేది వీరవేణి. దుర్గాశ్రీ మారు మాట్లాడేది కాదు. ఒకరికొకరు వండి పెట్టుకుని, ఒకరు తిన్నారో లేదో ఒకరు చూసుకుని, రోజు గడిపేసేవారు. ఆ పెంకుటింట్లో గోడల చెమ్మ ఆరేది కాదు, ఆ ఇద్దరి కళ్ళూ ఆరేవి కావు.

అలాంటి ఇంటికి మాఘమాసంలో ఒకనాడు విశాలాక్షమ్మగారు బొంత పట్టుకుని దిగారు.

"పిల్లకి కుట్టేను వీరవేణీ. పడుకునేటప్పుడు వేసుకుంటుంది."

"ఎందుకండీ శ్రమ? మళ్ళీ పట్టుకుపోతారు కదండీ" అంది వీరవేణి నీరసంగా.

"పట్టుకుపోతే మళ్ళీ తెస్తానమ్మా."

మడత విప్పుతుంటే బొంత గలగలమంది.

"ఈ చప్పుడేంటండీ?"

"వేపాకులు ఎండబెట్టి లోపల కుట్టేను. పురుగూ పుట్రా చేరకుండా ఉంటుంది."

వారం తిరిగేసరికి అంచు బాగోలేదని పట్టుకుపోయారు. నాలుగు రోజుల్లో తెచ్చారు. మళ్ళీ వారానికి రంగు కలవలేదన్నారు. ఆ తర్వాత ఎర్రముక్క ఎక్కువైందన్నారు, పచ్చముక్క తక్కువైందన్నారు. ఫాల్గుణం వెళ్ళింది, చైత్రం వెళ్ళింది, బొంత మాత్రం వస్తూ పోతూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ ఆవిడ గుమ్మంలో కూలబడి మజ్జిగ అడిగి తాగేవారు, ఊళ్ళో కబుర్లు చెప్పేవారు, వీరవేణి వినకపోయినా చెప్పేవారు. ఒక్కోసారి బొంత లావుగా వచ్చేది, ఒక్కోసారి పల్చగా వచ్చేది. మధ్యాహ్నాలు కొబ్బరి దింపు చూసుకోవడానికి వీరవేణి తోటలోకి వెళ్తే, దుర్గాశ్రీ ఆ బొంత ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మండువేసవిలో బొంతేమిటో, పిల్లకి మనసు బాగోలేదని వీరవేణి ఇంకాస్త కుంగిపోయింది.

ఆషాఢం వచ్చింది. మూడు రోజులుగా వదలని ముసురు. ఆ పొద్దుట పెంకు జరిగి, మంచం మీదకి నీళ్ళు కారి, బొంత ఒక పక్కంతా తడిసింది. దుర్గాశ్రీ పెరట్లో గిన్నెలు తోముతోంది. లోపల వేపాకులు కుళ్ళిపోతాయని వీరవేణి బ్లేడు తీసుకుని అంచు కుట్టు విప్పింది.

వేపాకు ఒక్కటి లేదు. బొత్తులు బొత్తులుగా కాగితాలు. అన్నిటికంటే పైన, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా, దుర్గాశ్రీ ఫోటో ఉన్న హాల్‌టికెట్టు. పరీక్ష ఎల్లుండే.

వీరవేణికి ఒళ్ళు మండిపోయింది. నా ఇంట్లో, నా ముక్కు కింద, ఇన్నాళ్ళా! కాగితాలన్నీ చేత్తో పోగేసి పొయ్యి దగ్గరికి విసురుగా వెళ్ళింది. పొయ్యిలో పెట్టబోతూ పైకాగితం చూసింది. మట్టినీళ్ళ చార కట్టిన ఆ కాగితం తలకట్టున నీలం పెన్నుతో పెద్దపెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి.

"అమ్మా, వీటి మీద బజ్జీలు పెట్టకు. కిషోర్."

వాడి డిగ్రీ నోట్సు సగం అరటికాయ బజ్జీల నూనె పీల్చుకుని పోయింది. కాగితం కనిపిస్తే చాలు, వీరవేణి చిల్లుల గరిటెతో బజ్జీలు తీసి దాని మీద వేసేది. పరీక్ష ముందురోజు వాడు నూనె మరకల్లోంచి అక్షరాలు వెతుక్కుంటూ, "అమ్మా, నీకు దండం పెడతానే" అని ఏడ్చినంత పని చేశాడు. అందుకని ఈసారి ముందే రాసుకున్నాడు, ఆ వానలో జిరాక్సు షాపు దగ్గర నిలబడి.

వీరవేణి కాగితాలు గుండెకి అదుముకుని పొయ్యి దగ్గరే చతికిలబడి భోరుమంది.

సరిగ్గా అప్పుడే గొడుగు మూస్తూ విశాలాక్షమ్మగారు లోపలికి వచ్చారు. విప్పిన బొంత చూసి గుండెలు బాదుకున్నారు. "అయ్యయ్యో, నాలుగు పొరలూ చిత్తు చేసేశావే!" అన్నారు. ఆ తర్వాతే కాగితాలు చూశారు. పెరటి గుమ్మంలో దుర్గాశ్రీ చేతిలో గిన్నెతో అలాగే నిలబడిపోయింది.

"ఇవేనాండీ మీ వేపాకులు?" అంది వీరవేణి.

"ఆయ్, ఇవే."

"మీరూ నన్ను మోసం చేసేరాండీ?"

"చేసేను" అన్నారు విశాలాక్షమ్మగారు, ఎదురుగా కూర్చుని. "ఆ సంచీ పెరట్లో వానకి నానిపోతుంటే నేనే పట్టుకుపోయేను. ఒక్కొక్క కాగితం విడదీసి మా దండెం మీద ఆరేసేను. చోటు లేక మా ఆయన మూడు రోజులు తడిపంచెతో తిరిగేరు. నెట్ సెంటర్లో దరఖాస్తు పెట్టించిందీ నేనే. పిల్ల సంతకం బొంతలోనే వచ్చింది. పిల్లనేమీ అనకమ్మా, తప్పంతా నాదే."

"మరి తిన్నగా వచ్చి నాతో చెప్పొచ్చు కదండీ?"

"చెబితే ఒప్పుకునేదానివా? పోనీ ఊరికే వచ్చి కూచుంటే రోజూ రానిచ్చేదానివా? దుఃఖంలో ఉన్న ఇంటికి ఒకసారి వెళ్తే పరామర్శ అంటారు, పదిసార్లు వెళ్తే విసుక్కుంటారు. కుట్టు వంకరగా ఉందని వెళ్తే పిచ్చిదని నవ్వుకుని రానిస్తారు. త్రిమూర్తులు పెళ్ళాం పురుడయ్యాక ఎవరితోనూ మాట్లాడక ఊరికే ఏడుస్తూ ఉండేది. ఆ బుల్లి బొంతకి వంకలు పెట్టి నలభై రోజులు వెళ్ళేను."

వీరవేణి కొంగుతో మొహం తుడుచుకుంది. "మరి మాస్టారి సంచీ సంగతేంటండీ?"

"అది నిజంగానే వంకరగా కుట్టేనమ్మా."

వీరవేణి కోడలి వైపు తిరిగింది.

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"మీరు ఏడుస్తారని అత్తయ్యా."

"ఇప్పుడేం చేస్తున్నాను మరి?"

దుర్గాశ్రీ గిన్నె కింద పెట్టి అత్తగారి పక్కన కూర్చుంది. వీరవేణి కొడుకు రాత ఉన్న కాగితం విడిగా తీసి జాకెట్లో దోపుకుంది. మిగిలినవి దుర్గాశ్రీ ఒళ్ళో పెట్టింది. "తడిసినవి పొయ్యి పక్కన ఆరబెట్టుకో. రెండు రోజులే ఉంది" అంది. అని, మళ్ళీ సందేహంలో పడింది. "సంవత్సరీకం కాకుండా పిల్లని గడప దాటించొచ్చాండీ? పంతులుగారిని ఒకమాట అడగండి."

"నెల క్రితమే అడిగేను. పరవాలేదు, వెళ్ళొచ్చన్నారు."

"అడగ్గానే అనేసేరాండీ?"

"అడగ్గానే ఎందుకంటారు? అనేదాకా ఆయన ఆసనం ఆయనకివ్వలేదు."

మూడోనాడు తెల్లారగానే ముగ్గురూ ఆటోలో రాజోలు, అక్కణ్ణుంచి బస్సులో అమలాపురం చేరారు. దారిలో కిషోర్‌ని లారీ గుద్దిన మలుపు వచ్చినప్పుడు వీరవేణి కళ్ళు మూసుకుని కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. వదిలింది కాలేజీ గేటు దగ్గరే. కంప్యూటరు మీద రాసే పరీక్షట, రెండున్నర గంటలట. దుర్గాశ్రీ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఇద్దరూ వాచ్‌మన్ గది అరుగు మీద వానజల్లు తప్పించుకుని కూర్చున్నారు. విశాలాక్షమ్మగారు సంచీలోంచి ఏదో సగం కుట్టిన గుడ్డ తీసి సూదిలో దారం ఎక్కించుకున్నారు. వీరవేణి గేటు మీద నుంచి చూపు తిప్పలేదు. చాలాసేపటికి, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోని మాట పైకి వచ్చేసింది.

"ఉద్యోగం వస్తుందాండీ?"

"వస్తుందమ్మా. కష్టపడి చదివింది."

"వస్తే ఎక్కడో వేస్తారు. వెళ్ళిపోతుందండీ. నా దగ్గర ఇంకేం మిగుల్తుందండీ?" అంది.

విశాలాక్షమ్మగారు కుట్టడం ఆపలేదు. తలైనా ఎత్తలేదు.

"వెళ్తే వెళ్ళనీ వీరవేణీ. నెల చూస్తాను. తర్వాత నేనే వెళ్ళి, ఎక్కడో కుట్టు తేడాగా ఉందని చెప్పి వెనక్కి పట్టుకొచ్చేస్తాను."

వీరవేణి ఆవిడ మొహంలోకి చూసింది. ఎంత సీరియస్‌గా అన్నారో అంతే సీరియస్‌గా కుట్టుకుంటున్నారు. నిజంగానే వెళ్తుంది ఈ మనిషి, ఎంఈవో ఆఫీసులోకి గొడుగుతో సహా వెళ్ళి, పిల్లని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేస్తుంది అనిపించింది. పదకొండు నెలల తర్వాత వీరవేణికి నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, కడుపు పట్టుకుంటూ, పైకే నవ్వేసింది. వాచ్‌మన్ గదిలోంచి తల బయటికి పెట్టాడు.

"అమ్మగారూ, కాస్త మెల్లిగా నవ్వండి. లోపల పిల్లలు పరీక్ష రాసుకుంటున్నారండీ."

"ఆయ్, మా పిల్లా రాస్తోందండీ" అంది వీరవేణి, ఇంకా నవ్వుతూనే.