నురగ పోయిన తొట్టి

తెనాలిలో ముప్పై ఏళ్లుగా హోటళ్ల దుప్పట్లు ఉతుకుతున్న జాన్‌బీకి నురగంటే గొప్ప నమ్మకం. నురగ లేచిందంటే మురికి వదిలినట్టే. ఆ నురగే కాలవలో చేపల ప్రాణం తీస్తోందని అక్క కూతురు తహసీన్ అన్నప్పుడు ఆమెకు ఒళ్లు మండింది.

తహసీన్ బాపట్లలో కెమిస్ట్రీ చదువుతోంది. సెలవుకొచ్చి, వెడల్పాటి తొట్టిలో దుప్పట్లు ఉతికిన నీళ్లు పోసి, ఏదో తెల్లటి పొడి కలిపింది.

"కలియబెడుతూ ఉండు ఖాలా, సాయంత్రానికి సబ్బు పోతుంది" అని చెప్పి బజారుకెళ్లింది.

దుమ్ము పడుతుందని జాన్‌బీ తొట్టి మీద రేకు మూసింది. గంటకోసారి ఎత్తి కలియబెట్టింది. సాయంత్రానికి కూడా నురగ ఉన్నట్టే ఉంది.

"మూత పెట్టావా! ఎండ తగిలితేనే గదా ఆ పొడి పనిచేసేది!" అంది తహసీన్.

మర్నాడు మూత లేకుండా ఉంచారు. పొద్దువాలాక జాన్‌బీ ఎంత చిలికినా నురగ లేవలేదు. నీళ్లు తేరుకున్నాక పొడి మాత్రం అడుగున తెల్లగా పేరుకుంది.

"సబ్బును తినేసిన పొడి ఇంకా ఇక్కడే ఉందేంటే?"

"అది తినదు ఖాలా. ఎండ సాయంతో సబ్బును విరగ్గొడుతుంది, తను మాత్రం అరగదు. మళ్లీ వాడుకోవచ్చు."

జాన్‌బీ తన వేళ్లు చూసుకుంది. సబ్బునీళ్లలో వేలిముద్రలే అరిగిపోయాయి, రేషన్ మిషన్ కూడా గుర్తుపట్టదు. పనిచేసీ అరగనిది ఎలా ఉంటుందో ఆమె బుర్రకెక్కలేదు.

తహసీన్ వెళ్లిపోయాక, పైనున్న తేట నీళ్లు గుడ్డలో వడగట్టి పారబోసి, ఆ పొడిలోనే ఆరోజు ఉతికిన సబ్బునీళ్లు పోసింది.

"ఏం చేస్తున్నావొదినా?" అంది పక్కింటి గంగరత్నం.

"నాకూ తెలీదమ్మా. కానీ సబ్బు పోతోంది."