తెరవలేని తాళం లేదని రాశాను

మా మామయ్యకు ఎవరి మీదా నమ్మకం లేదు. తాళాలు బాగుచేసేవాడికి అదొక సుగుణమే అంటుంది అత్తయ్య. మెట్ల కింద గదిలో ఆయన షాపు. గోడ నిండా మేకులు, మేకు మేకుకూ పళ్ళు కొయ్యని కొత్త తాళంచెవులు, బల్ల మీద ఆకురాళ్ళు, వాటి మీద ఇత్తడి పొడి. తాళంచెవి చేసేటప్పుడు ఏదైనా ముక్క చెడిపోతే, గిరాకీ కళ్ళ ముందే దాన్ని రెండుగా కత్తిరించి, ఆ ముక్కలు కూడా వాళ్ళ చేతిలోనే పెట్టి పంపేవాడు. ఒకరి ఇంటి తాళంచెవి ఆయన దగ్గర ఒక్క పూట కూడా నిలవలేదు. వీధి మొత్తం ఇరవై రెండేళ్ళుగా ఆయనకు తలుపులు అప్పగించిందంటే అందుకే.

మూల మీద పెద్ద తాళాల షాపు వచ్చాక గిరాకీ పలచబడింది. మెట్ల కింద గది ఖాళీ చేయాల్సి వస్తుందేమోనని అత్తయ్య దిగులు. నేను ఆయన మేనకోడల్ని, కంప్యూటర్ ముందు కూర్చుని బతికేదాన్ని. ఒక ఆదివారం కూర్చుని ఆయనకో వెబ్‌సైటు చేసిపెట్టాను. నెల తిరిగేసరికి దాన్ని చూసినవాళ్ళు ముగ్గురు. ఒకరు నేను, ఒకరు అత్తయ్య. ఆ మూడోవాడెవడో తేలేదాకా మామయ్యకు అన్నం సయించలేదు.

అప్పుడు ప్రెస్ రిలీజ్ సంగతి ఎత్తాను. మన గురించి మనమే పేపర్లో వార్తలా రాసి ఒక సైటుకు పంపితే, వాళ్ళు వేస్తారు. కింద మన వెబ్‌సైటు లింకు ఉంటుంది. తాళాల కోసం వెతికేవాళ్ళకు మనం కనబడతాం.

"ఎంత తీసుకుంటారు?"

"ఏమీ తీసుకోరు మామయ్యా. ఊరికే."

ఆయన ఆకురాయి కింద పెట్టాడు. "ఊరికే ఎందుకేస్తాడే? వాడికేం పనీపాటా లేదా?"

"అందరివీ వేస్తారు. వాళ్ళ సైటుకి జనం వస్తారు, ప్రకటనలు వస్తాయి."

"మరి మన దగ్గర్నుంచి ఏం పట్టుకెళ్తాడు?"

"నీ దగ్గర ఏముందని పట్టుకెళ్తాడు?" ఒళ్ళు మండి అన్నాను.

"అదే తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను" అన్నాడాయన.

ఆ సైటు ఫారం నా దుంప తెంచింది. 'తాళంచెవులు చేయబడును' అని శీర్షిక పెడితే, ఆకట్టుకునేలా లేదంది. షాపు యజమాని సొంత మాటలు రెండు కావాలంది. మామయ్య సొంత మాటలంటే "తెస్తే చూస్తాను" తప్ప ఏముంటాయి? అందుకని నేనే కల్పించాను. పైన 'ఈయన తెరవలేని తాళం లేదు' అని పెట్టి, కింద ఆయన అన్నట్టుగా 'ఈ వీధిలో ఏ తలుపైనా సరే, నాకు పది నిమిషాలు చాలు' అని రాసి మురిసిపోయాను. ఫోన్ నంబరు, షాపు వేళలు మూడుసార్లు చదివించుకున్నాడు మామయ్య. నేను కల్పించిన ఆ రెండు ముక్కలు మాత్రం చదివి వినిపించలేదు.

నాలుగు రోజుల్లో ఆ వార్తను మరో పదకొండు సైట్లు ఎత్తి వేసుకున్నాయి. వెబ్‌సైటుకు జనం వచ్చారు. షాపుకు రావాల్సినవాళ్ళు రాలేదు. ఎవరో దాన్ని వీధివాళ్ళ ఫోన్ గ్రూపులో పెట్టారట. "పది నిమిషాలు చాలంటగా" అని నవ్వి వెళ్ళిన పాలాయన మర్నాటికల్లా ఇంటికి కొత్త తాళం వేయించుకున్నాడు, అదీ మూల మీద షాపువాడి చేత. తర్వాత కుట్టుమిషను ఆవిడ. ఆ తర్వాత, ఒంటరిగా ఉండే రిటైరైన టీచరమ్మ. మామయ్య మొదటి గిరాకీ ఆవిడే. ఆయన స్వయంగా బిగించిన తాళం ఊడదీయించి, వేరేది పెట్టించుకుంది.

"ఏం రాశావే?" అని అడిగాడు. చూపించాను. రెండుసార్లు చదివాడు.

"నేనిలా అన్నానా?"

"లేదు."

"తీసేయించు."

సైటుకు రాశాను. తీసేయాలన్నా దిద్దాలన్నా రుసుము కట్టాలట. కొత్త వార్తలు మాత్రం ఎన్నయినా ఊరికే వేస్తారట. ఎత్తి వేసుకున్న సైట్లు అసలు పలకనే లేదు.

"చూశావా, వాడు పట్టుకెళ్ళింది ఇది" అన్నాడు మామయ్య. ఆయన తిట్టినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం టీచరమ్మ మెట్ల దగ్గరకు వచ్చి నిలబడింది. కొత్త తాళం పట్టేసిందట, తలుపు పగలగొట్టాలన్నాడట మూల మీద షాపువాడు.

"కాస్త వచ్చి చూస్తావా? నేను పక్కనే ఉంటాలే."

ఆ చివరి మాటకు మామయ్య ముఖం చిన్నబోయింది. సంచీ తీసుకున్నాడు. టార్చి పట్టుకోవడానికి నేనూ వెళ్ళాను.

ఆయన రెండు సన్నని తీగలు తాళంలోకి దూర్చాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు. లోపల చిన్నగా టిక్కుమంది. నేను నోరు తెరవబోయాను. మామయ్య నా కాలు తొక్కాడు. తీగను వెనక్కి తిప్పి, మళ్ళీ మూసేశాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు పని. తీగ మార్చాడు. చెమట తుడుచుకున్నాడు. నూనె కోసం షాపుకు వెళ్ళొచ్చాడు. టీచరమ్మ పక్కింటి కుర్చీ తెప్పించుకుని కూర్చుంది. ముప్పావు గంటయ్యేసరికి ఆవిడకే జాలేసింది.

"పోనీలే, పగలగొట్టిద్దామా?"

"ఇంకాస్త చూద్దామమ్మా."

గంట నిండాక తలుపు తెరుచుకుంది.

"పది నిమిషాలని రాశారుగా?" అంది టీచరమ్మ.

"మా పిల్ల ఎక్కువ చేసి రాసిందమ్మా. నాకంత చేతకాదు."

ఆవిడ అప్పుడు నవ్వింది. వచ్చాక అదే మొదటిసారి. లోపలికెళ్ళి, కాగితంలో చుట్టి దాచిన పాత తాళం తెచ్చి, మళ్ళీ అదే బిగించమంది.

తిరిగొస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. "చేతకాదని ఎందుకన్నావు మామయ్యా?"

"ఆవిడ రాత్రిళ్ళు నిద్రపోవాలి కదే" అన్నాడు.

షాపులో కూర్చున్నాక, కొత్త వార్త ఊరికే వేస్తామన్నారు కదా, రాయమన్నాడు. ఒక్క తాళం తీయడానికి ఈయనకు గంట పట్టింది అని. ఈసారి మొత్తం చదివి వినిపించమన్నాడు. ఒక్క ముక్క వదలకుండా చదివాను. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ చివరిదాకా విన్నాడు.

"బాగుంది, పంపు" అన్నాడు.