జీపు తొట్టికి కొత్త చెక్కలు

మా ఆయనకు పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోయినప్పుడు నేను అంతగా ఏడవలేదు. మాట పోయినందుకు ఏడ్చాను. పోవడమంటే పూర్తిగా పోలేదు, ఒక్క మాట మిగిలింది. "అదేటి" అంటాడు. దాహం వేసినా అదేటి, దోమ కుట్టినా అదేటి, నన్ను పిలవాలన్నా అదేటి. అంతకుముందు ఆ నోటికి విశ్రాంతి ఉండేది కాదు.

శ్రీకాకుళంలో డాక్టరు ఒక సంగతి చెప్పాడు. ఆయనకు బాగా తెలిసిన వస్తువుల గురించి ఆయన ముందు మాట్లాడుతూ ఉండండి, పేర్లు అడుగుతూ ఉండండి, వస్తే ఈ మొదటి నెలల్లోనే వస్తుంది అన్నాడు. ఆయనకు నాకన్నా, కన్న కొడుకుకన్నా బాగా తెలిసింది పాకలో పడి ఉన్న జీపు.

దాన్ని జీపు అనే అనాలని ఆయన పట్టు. ముందు సగం జీపే. డ్రైవరు వీపు వెనక నుంచి చెక్క తొట్టి. పడుచుతనంలో ఏదో ఆఫీసువాళ్ళు వేలం వేస్తే పాడుకుని తెచ్చాడు. కళింగపట్నంలో ఎండుచేపల బుట్టలు ఎక్కించుకుని గరివిడి దాకా వేసుకుపోయేవాడు. చేపలు అమ్ముకునే ఆడవాళ్ళు లారీ అంటే ఎత్తిన బుట్ట మళ్ళీ కింద పెట్టేసేవాడు. "లారీ కావాలంటే రోడ్డు మీదికెల్లి సెయ్యెత్తు. ఇది జీపు" అనేవాడు. ఒకామె వ్యాను అంది. "వ్యానంటే పిల్లల్ని బడికి తీసుకెల్తాది. నీ సేపలు బడికెల్తాయేటి?" అన్నాడు. "ఎల్తే నీకన్నా బాగానే సదువుతాయి" అని ఆమె. ఆ మాట ఇంటికొచ్చి నాకు చెప్పి నవ్వాడు.

చాలా ఏళ్ళుగా జీపు కదల్లేదు. ఇంజను పనికిరాదు. చేపల ఉప్పునీళ్ళు కారి కారి తొట్టి అడుగున బోల్టులు తుప్పు పట్టాయి, చెక్కలు పుచ్చిపోయాయి. మా అబ్బాయి గరివిడిలో ఫ్యాక్టరీ పని చేస్తాడు. ఇంజను మన వల్ల కాదు, తొట్టి ఒక్కటీ బాగు చేయిద్దాం, నాన్న కళ్ళ ముందు పని జరుగుతుంది, చూసి చూసి ఏదో ఒకటి అనకపోతాడా అన్నాడు. నడవని బండికి తొట్టి ఎందుకని మామూలుగా అయితే వాణ్ణి తిట్టేదాన్ని. తిట్టలేదు. కొత్త కలప మాత్రం కొననివ్వలేదు. పడగొట్టిన పశువుల పాక దూలాలు మద్దివి ఉన్నాయి, అవి తీయించాను. పాత బోల్టుల్లో మర మిగిలినవి ఏరి కిరసనాయిలులో నానబెట్టాను.

దాని అసలు పేరు పికప్ ట్రక్కు అని మా అబ్బాయి ఫోనులో చూసి తేల్చాడు. నేను చదివింది మూడో తరగతి, నాకేం తెలుసు, సరే అన్నాను. దూలాలు మిల్లుకు పంపి, వడ్రంగికి ఫోను చేసి "ట్రక్కుకి అడుగు సెక్కలెయ్యాలి, కోయించి తే" అని చెప్పాడు. మా వైపు ట్రక్కంటే ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి. ఆ కొలత వడ్రంగికి నోటికి వచ్చు. వచ్చి చూసుకోలేదు, కోయించేశాడు.

చెక్కలు దింపి, పాక నలుమూలలా చూశాడు. వరసకు తమ్ముడు, నన్ను అప్పా అంటాడు.

"ట్రక్కేదప్పా?"

"నీ ఎదర ఉన్నాది కాదేటి."

"ఇది ట్రక్కేటి? ఇది వ్యాను."

"పికప్ ట్రక్కు మావా" అన్నాడు మా అబ్బాయి.

"ట్రక్కయితే ట్రాక్టరేదిరా? దీన్నెవుడు లాగుతాడు, నువ్వా?"

"ఇంజను దానికే ఉన్నాది గదా."

"ఇంజనుంటే అది ట్రక్కెలగవుతాది?"

నాకు ఒళ్ళు మండింది. పదమూడు అడుగుల దూలం. తొట్టి ఆరున్నర అడుగులు. సగానికి కోస్తే ఒక్కో దూలానికి రెండు వరసల చెక్కలు వచ్చేవి. "పదడుగులకి కోసి తెచ్చినావు. మిగిలిన మూడడుగుల ముక్కలు ఏటి సేసుకోమంటావురా, పీటలా?" అన్నాను.

"పీటలే సేసిస్తానప్పా. ఊరందరూ కూకోవచ్చు."

అప్పుడు పాక గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న మా ఆయన నుంచి ఒక శబ్దం వచ్చింది. మూతి ఒక పక్కకు పోయింది, భుజాలు ఊగుతున్నాయి. "నాన్న నవ్వుతున్నాడే" అని మా అబ్బాయి ఫోను తీసి పట్టుకున్నాడు. నేను వెళ్ళి ఆయన ముందు గొంతుక్కూర్చున్నాను. "మావా, ఇదేటో నువ్వు సెప్పు. లారీయా? వ్యానా?" అని కావాలనే తప్పు పేర్లు అడిగాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. "అదేటి" అన్నాడు.

అయినా నాకు ఆశ పుట్టింది. పని జరిగినన్ని రోజులూ ఆయన ముందు పోట్లాడుకున్నాం. నేను లారీ, వడ్రంగి వ్యాను, అబ్బాయి ట్రక్కు. మూడో రోజుకు అది ఆటని వడ్రంగి మరిచిపోయి నిజంగానే అలిగాడు, టీ తాగలేదు. చెక్కలు సగానికే సరిపోయాయి. మిగతా సగానికి పాత గాదె తలుపు విప్పి ఇచ్చాను. పక్క చెక్కలు పాతవే, వాటికి చిత్రిక పడితే ఎండుచేపల వాసన లేచింది. ఎక్కడిదో పిల్లి వచ్చి కూర్చుంది. గుప్పెడు పొట్టు తీసుకెళ్ళి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. ముఖం తిప్పేసుకున్నాడు.

తొట్టి వెనక తలుపు ఒకటి బిగించడం మిగిలి ఉండగా డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మా అబ్బాయి ఫోనులో ఆ నవ్వు చూపించాడు. డాక్టరు రెండుసార్లు చూశాడు. ఈ జబ్బులో నవ్వూ ఏడుపూ వాటంతటవే వస్తాయి, మనసుతో పని లేదు, దాన్ని నవ్వనుకోకండి అన్నాడు. కాలు కొంత రావచ్చట. మాట మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఆయన మా ఇద్దరి మధ్యే కూర్చుని ఉన్నాడు. విన్నాడో లేదో, విన్నా తెలిసిందో లేదో.

ఇంటికొచ్చాక మా అబ్బాయి "ఇంకెందుకమ్మా, ఆపేద్దాం" అన్నాడు. చెక్క కోసేశాక ఆపడమేమిటి. పూర్తి చేయించాను.

అయ్యాక ఆయన్ను కుర్చీతో సహా నలుగురం ఎత్తి తొట్టిలో పెట్టాం. వంగి, బాగున్న చేత్తో చెక్క తడిమాడు. గాదె తలుపుకు గొళ్ళెం ఉండే చోట కన్నం ఒకటి అలాగే ఉండిపోయింది. దానిలో వేలు పెట్టి తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఎండ కుర్చీ మీదికి వచ్చేదాకా చూశాను. ఆ కన్నం తప్ప ఆయనకు ఏదీ పట్టలేదు. దింపేశాం. వడ్రంగి సామాను సర్దుకుంటూ, "ఏదయితేనేటప్పా, గట్టిగా ఉన్నాది" అన్నాడు.

డాక్టరు చెప్పాడని ఇన్ని నెలలూ పొద్దుట నుంచి పొద్దుపోయేదాకా ఆయన ముందు వాగాను. చెంబు చూపించి ఇదేటి, చీపురు చూపించి ఇదేటి. నాది అంత మాట్లాడే నోరు కాదు. ఇప్పుడు మానేశాను. అన్నం కలిపి పెడతాను, మూతి తుడుస్తాను, పక్కకు తిప్పుతాను.

తొట్టి ఖాళీగా ఉంచడం దేనికని వంటచెరుకు అందులో పేర్చాను, తడవకుండా ఉంటుంది. పీటలకని ఉంచిన ముక్కలు కూడా అందులోనే ఉన్నాయి, ఒక్కొక్కటే పొయ్యిలోకి పోతున్నాయి. రోజుకు రెండుసార్లు కట్టెలకు అక్కడికి వెళ్తాను. ఆయన మంచం మీద నుంచి అటే చూస్తుంటాడు. నేను ఏమీ అడగను.